రైసూత్ డాబా మీద గిన్నె ఎటు తిప్పాలి?

మా అమ్మ కాకినాడ నుంచి మొదటిసారి రైసూత్ వచ్చినప్పుడు, మూడో రోజు సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి డాబా ఎక్కింది. అక్కడ వరసగా ఉన్న డిష్‌లని కలయజూసి, "ఇదేమిట్రా, ఈ గిన్నెలన్నీ పడమటికేసి తిరిగి నేలచూపులు చూస్తున్నాయి? మన ఇంటి మీదది ఆకాశంకేసి చూస్తుంది కదా!" అంది.

దీనికి సమాధానం నాకు తెలుసు. ఇక్కడి అరబ్బు కుటుంబాలు చూసే చానళ్ళు చాలావరకు నైల్‌శాట్, అరబ్‌శాట్ ఉపగ్రహాల నుంచి వస్తాయి. నైల్‌శాట్ ఉండేది 7 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద, అంటే ఆఫ్రికా పడమటి అంచుకి పైన. రైసూత్ నుంచి చూస్తే అది పడమటి దిక్కున, క్షితిజానికి 19 డిగ్రీల ఎత్తులో మాత్రమే కనిపిస్తుంది. అందుకని ఆ డిష్‌లు అలా వంగి ఉంటాయి. ఈ సంగతి చెబితే అమ్మ తల ఊపి, "మరి మన చానళ్ళు ఎటున్నాయి?" అంది. దానికి మాత్రం నా దగ్గర వెంటనే చెప్పే జవాబు లేకపోయింది. ఇంజనీరింగులో యాంటెన్నాల పేపరు ఎలాగో గట్టెక్కి, ఆ తరువాత ఇరవై ఏళ్ళు సాఫ్ట్‌వేరు రాసుకుంటూ బతికినవాణ్ణి. ఆవిడ నా దగ్గర ఉండేది మూడు నెలలు. నేను ఆఫీసుకీ పిల్లలు బడికీ పోతే, భాష తెలియని ఊళ్ళో పగలంతా ఇంట్లో ఒక్కత్తీ ఉండాలి. అప్పుడు మొదలైన వెతుకులాటలో నేర్చుకున్నది, మూడు శుక్రవారాలు వృథా చేసుకుని మరీ నేర్చుకున్నది, ఇక్కడ రాస్తున్నాను. లెక్కలు రైసూత్‌వి. కాని పద్ధతి మీరు ఏ ఊళ్ళో ఉన్నా ఒకటే.

ముందు "ఉచితం" అన్న మాట సంగతి తేల్చుకోవాలి. చానళ్ళలో రెండు జాతులు. మొదటివి తాళం వేయకుండా గాలిలోకి వదిలేసేవి. వాటిని పట్టుకోగల యాంటెన్నా, అర్థం చేసుకోగల పెట్టె ఉంటే చాలు, నెలనెలా ఎవరికీ ఏమీ కట్టనక్కరలేదు. రెండోవి తాళం వేసి పంపేవి. వాటికి చందా, కార్డు కావాలి. సీరియళ్ళు, కొత్త సినిమాలు వేసే మన పెద్ద వినోద చానళ్ళు చాలావరకు ఈ రెండో జాతివే. ఎంత పెద్ద డిష్ పెట్టినా అవి ఉచితంగా రావు. వాటికోసమే అయితే ఈ వ్యాసం ఇక్కడే ఆపేసి, ఈ దేశంలో చట్టబద్ధంగా దొరికే చందా ఏదో తీసుకోవడం మంచిది. ఇండియాలో అన్నయ్య పేరు మీద చందా కట్టి, ఆ పెట్టెని సూట్‌కేసులో తెచ్చుకునేవాళ్ళు గల్ఫ్ అంతటా ఉన్నారు. ఆ చందా ఒప్పందం ఇండియాలో ఉన్న ఇంటికి రాసుకున్నది. తాళం దొంగతనంగా తీసే పెట్టెలు అమ్మేవాళ్ళూ ఉన్నారు. వాటి జోలికి పోకండి, అవి ఎప్పుడు మూగపోతాయో అమ్మినవాడికే తెలియదు.

తాళం లేకుండా తెలుగులో వచ్చేవాటిలో మొదట చెప్పుకోవలసింది దూరదర్శన్. 2014లో రాష్ట్రం విడిపోయాక హైదరాబాదు నుంచి యాదగిరి, విజయవాడ నుంచి సప్తగిరి వస్తున్నాయి. రెండూ డీడీ ఫ్రీ డిష్‌లో ఉన్నాయి. ఆ సేవ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలయింది. తిరుమల తిరుపతి దేవస్థానం వారి భక్తి చానల్ 2008లో మొదలయింది, అదీ తాళం లేనిదే. వీటికి తోడు కొన్ని వార్తా చానళ్ళు. ఏ చానల్ ఏ ఉపగ్రహం మీద ఉందో ఆ జాబితా మారుతూనే ఉంటుంది కనుక డిష్ కొనే వారంలోనే చూసుకోవాలి. నిరుడు ఎవరో రాసి పెట్టుకున్న కాగితం చూసి కొంటే డబ్బు దండగ.

ఇక యాంటెన్నాలు. డాబా మీద పెట్టేవి కూడా రెండు రకాలు. చేప ముల్లులాంటి పాతకాలపు యాంటెన్నా ఒకటి. 1926లో జపాన్‌లో ఉడా, యాగీ అనే ఇద్దరు దాన్ని తయారుచేశారు. మన చిన్నప్పుడు రామాయణం ఆదివారాల్లో ఎవరో ఒకరు డాబా ఎక్కి తిప్పుతూ, "వచ్చిందా?" అని అరుస్తూ ఉండేది దీన్నే. నేల మీది ట్రాన్స్‌మిటర్ నుంచి సూటిగా వచ్చే తరంగాలకి అది సరిపోతుంది. ఇండియాలో ఆ ట్రాన్స్‌మిటర్లని 2022 నాటికి దాదాపు అన్నీ ఆపేశారు. ఒమన్‌లో టీవీ 1974 నవంబరులో మస్కట్‌లోను, ఏడాది తరువాత 1975 నవంబరులో సలాలాలోను మొదలయింది. 1979లో ఆ రెండు కేంద్రాలనీ ఉపగ్రహం ద్వారా కలిపారు. వెయ్యి కిలోమీటర్ల ఎడారికి అటూ ఇటూ ఉన్న ఊళ్ళకి అంతకంటె తేలిక దారి లేదు. పిల్లలకి అరబ్బీ చెవిని పడాలంటే ఆ ప్రసారాలు మంచివే. తెలుగు కావాలంటే మాత్రం చేప ముల్లు వల్ల ఈ గడ్డ మీద ఏ ప్రయోజనమూ లేదు. భూమి గుండ్రంగా ఉండడం చేత, నేల మీది ట్రాన్స్‌మిటర్ కేక వంద కిలోమీటర్లు దాటితే మామూలుగా వినపడదు. కాకినాడ ఇక్కడికి మూడు వేల కిలోమీటర్లు.

కనుక డిష్ తప్పదు. ఇక్కడే నాకు సరదా అనిపించిన సంగతి ఒకటుంది. రైసూత్, కాకినాడ రెండూ ఓడరేవులే. రెండూ దాదాపు ఒకే అక్షాంశం మీద, భూమధ్యరేఖకి ఉత్తరంగా 17 డిగ్రీలకి కాస్త అటూ ఇటూగా ఉన్నాయి. పటం మీద రైసూత్ నుంచి తూర్పుగా గీత గీస్తే అరేబియా సముద్రం, దక్కను దాటి మన ఊరికే చేరుతుంది. తేడా అంతా రేఖాంశంలో. రైసూత్ 54 డిగ్రీల దగ్గర ఉంటే కాకినాడ 82 దాటి ఉంది. టీవీ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకి పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో, భూమితో సమంగా తిరుగుతూ, ఆకాశంలో మేకు కొట్టినట్టు ఒక్కచోటే ఉంటాయి. జీశాట్-30 అనే మన ఉపగ్రహం 83 డిగ్రీల తూర్పున ఉంది. అంటే కాకినాడ వాళ్ళకి అది ఇంచుమించు నేరుగా దక్షిణాన, 70 డిగ్రీల ఎత్తులో, నడినెత్తికి కొంచెం కింద ఉంటుంది. అదే ఉపగ్రహం రైసూత్ వాళ్ళకి ఆగ్నేయ దిక్కున, ఉత్తరం నుంచి కుడికి కొలిస్తే 118 డిగ్రీల దగ్గర, 51 డిగ్రీల ఎత్తులో ఉంటుంది. ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉండేది 93.5 డిగ్రీల తూర్పున. కాకినాడలో దాని ఎత్తు 66 డిగ్రీలు, ఇక్కడ 41. దిక్కు ఇక్కడ 109 డిగ్రీలు, అంటే తూర్పు నుంచి కొంచెం దక్షిణానికి.

మొదటి శుక్రవారం నేను చేసిన తెలివితక్కువ పని ఇప్పుడు చెబితే అర్థమవుతుంది. కాకినాడ నుంచి వస్తున్న మిత్రుడి చేత 60 సెంటీమీటర్ల డిష్, ఉచిత పెట్టె తెప్పించి, మన ఇంటి మీద ఎలా ఉందో అలాగే బిగించి, ఎండలో మూడు గంటలు నిలబడ్డాను. తెర మీద నీలం రంగు తప్ప ఏమీ రాలేదు.

రాకపోవడానికి కారణాలు మూడు. అందులో దిక్కు ఒకటి, అది తేలిగ్గా సరిపోతుంది. రెండోది, ఆ ఉపగ్రహం వెలుతురు అసలు నా డాబా మీద పడుతోందా అన్నది. ఉపగ్రహాన్ని నాలుగు వైపులా వెలుగు చిమ్మే బల్బు అనుకోవడం పొరపాటు. అది అద్దం వెనక పెట్టిన టార్చిలైటు. ఎవరికి ఉద్దేశించారో వాళ్ళ మీదే కాంతి పడేలా తీర్చిదిద్ది పంపుతారు. ఫ్రీ డిష్ వాడేది కేయూ బ్యాండ్, 11 గిగాహెర్ట్జ్ ప్రాంతం. ఆ టార్చిని భారతదేశం ఆకారానికి సరిపడా మలిచారు. అంచు దాటాక కాంతి ఒక్కసారిగా మాయం కాదు గాని త్వరత్వరగా పలచబడుతుంది. అరేబియా సముద్రానికి ఇవతలి ఒడ్డున ఉన్నవాళ్ళం మనం ఆ అంచుకి బాగా అవతల, వీధి దీపం వెలుతురు పక్క సందులోకి తిరిగినంత మేరకే అందే చోట ఉన్నాం. సీ బ్యాండ్ కథ వేరు. అది 4 గిగాహెర్ట్జ్ ప్రాంతం. 2020 జనవరిలో జీశాట్-30ని పంపినప్పుడు దాని సీ బ్యాండ్ ప్రసారం గల్ఫ్ దేశాలు, ఆసియాలో చాలా భాగం, ఆస్ట్రేలియా దాకా అందుతుందని ఇస్రో ముందే చెప్పింది. కేయూ బ్యాండ్ మాత్రం భారత భూభాగానికి, దీవులకి అంది. ఒకే ఉపగ్రహంలో ఒక టార్చి మన ఊరిదాకా, ఇంకొకటి మన మేనమామల ఊళ్ళన్నిటిదాకా!

కాబట్టి దుకాణంలో "ఎంత సైజు డిష్?" అని అడిగేముందు, "ఏ ఉపగ్రహం, ఏ బ్యాండు, దాని వెలుతురు ఇక్కడ ఎంత?" అని అడగాలి. సైజు ఆ తరువాతి మాట. పలచని వెలుతురుని పెద్ద గిన్నెతో పోగుచేసుకోవచ్చు. వ్యాసం రెట్టింపు అయితే వైశాల్యం నాలుగు రెట్లు, పోగయ్యే సంకేతమూ నాలుగు రెట్లు. డెసిబెళ్ళలో అది 6. ఉదాహరణకి కాకినాడలో 60 సెంటీమీటర్ల డిష్‌కి అందే సంకేతం, ఇంకోచోట 10 డెసిబెళ్ళు తగ్గిందనుకుందాం, అంటే పదో వంతయిందని. అప్పుడు అదే బొమ్మ రావడానికి వ్యాసం మూడింతలు పైగా, 190 సెంటీమీటర్లు కావాలి. కేయూ బ్యాండ్‌లో అంత డిష్ అంటే నునుపైన గట్టి రేకు, మిల్లీమీటరు సొట్ట కూడా పనికిరాదు. ఖరీదు, బరువు రెండూ ఎక్కువే. అంచున ఉన్నచోట ఇంకొక చిక్కు. వెలుతురు సరిగ్గా ఎంతుందో పటం చూసి చెప్పలేం, పెట్టి చూడాలి. అందుచేత నా సలహా ఇది. రైసూత్‌లాంటి చోట ఫ్రీ డిష్ కోసం పెద్ద డిష్ కొనదలిస్తే, అలాంటిది ఇప్పటికే ఉన్న మిత్రుడి డాబా మీద ఒక గంట తిప్పి చూసి కొనండి. లేదంటే నేరుగా సీ బ్యాండ్‌కి వెళ్ళండి. నేను సీ బ్యాండ్‌కే వెళ్ళాను.

సీ బ్యాండ్ డిష్ చూడడానికి పెద్దది. 1.8 మీటర్లు, 2.4 మీటర్లు సాధారణం. దాని సుగుణం ఏమిటంటే అది జల్లెడలా ఉండవచ్చు. 4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు ఏడున్నర సెంటీమీటర్లు. అందులో పదో వంతు కంటె చిన్న కన్నాలు ఉంటే తరంగానికి ఆ జల్లెడ గోడలాగే కనిపిస్తుంది. అంటే ఏడు మిల్లీమీటర్ల లోపు కన్నాలున్న తేలికపాటి అల్యూమినియం వల సరిపోతుంది. కేయూ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లే కనుక దానికి ఆ వల చాలదు. ఈ లెక్క మనవాళ్ళకి కొత్త కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై దాకా, అమెరికా నుంచి అరువు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహంతో సైట్ అనే ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకి టీవీ వచ్చింది. అందులో మన పల్లెలూ ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. హైదరాబాదు కేంద్రం 1977 అక్టోబరులో మొదలయింది, అంటే మన పల్లెలు కొన్ని రాజధాని కంటె ముందే టీవీ చూశాయి. ఆ పల్లెల్లో పెట్టిన యాంటెన్నాలు మూడు మీటర్ల కోళ్ళగూటి వల. తరంగం పొడవు 35 సెంటీమీటర్లు కనుక కోళ్ళగూడు చాలింది. ఆ ఉపగ్రహం అప్పుడు 35 డిగ్రీల తూర్పున, ఆఫ్రికా మీద ఉండేది. పాలమూరు పల్లెలో తెలుగు కోసం గిన్నె నైరుతికి తిప్పితే, ఇప్పుడు రైసూత్‌లో తెలుగు కోసం ఆగ్నేయానికి తిప్పుతున్నాం.

రెండో శుక్రవారం 1.8 మీటర్ల వల డిష్ వచ్చింది. దిక్కు, ఎత్తు సరిచూశాం. ఫోనులో ఉన్న దిక్సూచిని ఇనప స్తంభం పక్కన పెట్టి చూస్తే అబద్ధం చెబుతుంది, నాలుగు అడుగులు అవతల నిలబడి చూడాలి. ఈ సైజు డిష్‌కి చూపు వెడల్పు మూడు డిగ్రీలు. చెయ్యి చాచి బొటనవేలు నిలబెడితే అది ఆకాశంలో కప్పేది రెండు డిగ్రీలు. అంటే వేలున్నర వెడల్పులో ఉపగ్రహం చిక్కాలి. సంకేతం చిక్కింది. మీటరు లేచింది. కాని చానళ్ళు సగం రాలేదు, వచ్చినవి ముక్కలు ముక్కలుగా విరిగిపోతున్నాయి. బిగించడానికి వచ్చిన కుర్రవాడు డిష్ చిన్నదయిందని, 2.4 మీటర్లది కొనమని తేల్చి వెళ్ళిపోయాడు. కొనబోయాను కూడా.

నన్ను ఆపింది మూడో కారణం. డిష్ ముందు చిన్న డబ్బా ఉంటుంది కదా, ఎల్‌ఎన్‌బీ అంటారు, దాన్ని ఎంత మెలితిప్పాలన్నది. ఉపగ్రహం ఒకే పౌనఃపున్యం మీద రెండు కట్టల చానళ్ళు పంపుతుంది. ఒకటి అడ్డంగా ఊగే తరంగం, రెండోది నిలువుగా ఊగేది. దీన్నే ధ్రువణం అంటారు. ఎల్‌ఎన్‌బీ లోపల అడ్డానికి ఒక పుల్ల, నిలువుకి ఒక పుల్ల ఉంటాయి. అయితే ఉపగ్రహం దృష్టిలో అడ్డం అంటే భూమధ్యరేఖకి సమాంతరం. దాని కింద నేరుగా ఉన్న ఊళ్ళో ఆ అడ్డం, మన అడ్డం ఒకటే. పక్కకి జరిగేకొద్దీ ఉపగ్రహాల వరస ఆకాశంలో ఏటవాలుగా కనిపిస్తుంది, దానితోపాటు అడ్డం కూడా ఏటవాలు అవుతుంది. భూమధ్యరేఖకి దగ్గరగా ఉన్న మనలాంటి ఊళ్ళలో ఈ వాలు విపరీతం. 83 డిగ్రీల ఉపగ్రహానికి కాకినాడలో మెలిక రెండున్నర డిగ్రీలు, అంటే లేనట్టే. రైసూత్‌లో 58 డిగ్రీలు! 93.5 డిగ్రీల దానికి కాకినాడలో 33, ఇక్కడ 64.

ఆ కుర్రవాడు తనకి అలవాటయిన చోట పెట్టినట్టు ఎల్‌ఎన్‌బీని నిటారుగా పెట్టాడు. 58 డిగ్రీలు తప్పితే అడ్డపు పుల్లకి అడ్డం సంకేతంలో పావు భాగం కంటె కొంచెం ఎక్కువ మాత్రమే అందుతుంది. మిగతాదంతా నిలువు సంకేతం వచ్చి దూరుతుంది. రెండు పాటలు ఒకే చెవిలో వినిపిస్తే ఏదీ అర్థం కాదు. డిష్ పెద్దదయితే రెండు పాటలూ పెద్దగా వినపడతాయి, అంతే! మూడో శుక్రవారం డిష్ వెనక నిలబడి, ఉపగ్రహం వైపు చూస్తూ, ఎల్‌ఎన్‌బీని గడియారం ముల్లుకి ఎదురు దిశలో, అరవై డిగ్రీలకి కాస్త తక్కువగా తిప్పాను. నైల్‌శాట్‌లా పడమట ఉన్న ఉపగ్రహమయితే ముల్లు దిశలోనే తిప్పాలి. అప్పుడు కింద నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఒరే, తెలుగు మాట్లాడుతున్నారు!" పైసా ఖర్చు లేదు.

తిప్పవలసిన కోణం మీరే లెక్క వేసుకోవచ్చు. మీ ఊరి రేఖాంశానికీ ఉపగ్రహం రేఖాంశానికీ తేడా తీసుకుని దాని సైను కట్టి, మీ అక్షాంశం టాంజెంటుతో భాగించి, వచ్చినదానికి టాంజెంటు కోణం చూడాలి. పదో తరగతి పిల్లలచేత చేయించండి, త్రికోణమితి ఎందుకు నేర్పుతున్నారని వాళ్ళు ఇకమీదట అడగరు.

నేలచూపుల ప్రశ్నకి పూర్తి జవాబు కూడా ఇక్కడే చెప్పాలి. 60, 90 సెంటీమీటర్ల చిన్న డిష్‌లు నిజానికి పెద్ద గిన్నెలో ఓ పక్క నుంచి కోసుకున్న ముక్కలు. ఎల్‌ఎన్‌బీ నీడ గిన్నె మీద పడకుండా ఉండడానికి అలా చేస్తారు. వాటి చూపు, ముఖం కంటె 25 డిగ్రీలు పైకి ఉంటుంది. 19 డిగ్రీల ఎత్తులో ఉన్న నైల్‌శాట్‌ని చూడాలంటే ముఖం క్షితిజం కంటె ఆరు డిగ్రీలు కిందికి వంచాలి. నేలని చూస్తున్నట్టు కనిపిస్తూ ఆకాశం చూస్తూ ఉంటుంది. కోణాలు కొలిచేటప్పుడు ఈ 25 డిగ్రీలు మరిచిపోయి తల బద్దలు కొట్టుకునేవాళ్ళు చాలామంది. మధ్యలో ఎల్‌ఎన్‌బీ ఉండే పెద్ద సీ బ్యాండ్ డిష్‌కి ఈ బాధ లేదు, ముఖం ఎటో చూపూ అటే.

ఆ పెద్ద డిష్ సరిగ్గా ఉందో లేదో ఏడాదికి రెండుసార్లు సూర్యుడే వచ్చి చెబుతాడు. అరసవల్లిలో మార్చిలోను, అక్టోబరు మొదట్లోను సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని విన్నాం కదా, దాదాపు ఆ రోజుల్లోనే, మార్చి రెండో వారంలోను సెప్టెంబరు చివరనూ సూర్యుడు మన ఉపగ్రహం వెనకగా వెళతాడు. 83 డిగ్రీల వైపు తిప్పిన డిష్ అయితే రైసూత్‌లో ఉదయం పది, పదిన్నర మధ్య ఆ సంఘటన జరుగుతుంది. అప్పుడు ఎల్‌ఎన్‌బీ నీడ గిన్నె నట్టనడుమ పడాలి. కొద్ది నిమిషాలు బొమ్మ చెదురుతుంది, సూర్యుడి రొద ఉపగ్రహాన్ని మింగేయడం వల్ల. ఆ కాసేపు ఎవరూ మరమ్మతువాళ్ళకి ఫోను చేయకండి.

డాబా మీద చోటు ఎంచుకోవడంలో రైసూత్‌కి ఒక అదృష్టం ఉంది. ఉత్తరాన ధోఫార్ కొండలు, పడమట ముగ్సైల్ వైపు కొండలు ఉన్నా, మనకి కావలసిన ఆగ్నేయం సముద్రం. అడ్డం వచ్చేది పక్క మేడ ఒక్కటే. 41 డిగ్రీల ఎత్తుకి లెక్క తేలిక. డిష్ కంటె మూడు మీటర్లు ఎత్తయిన గోడ కనీసం మూడున్నర మీటర్ల దూరంలో ఉండాలి. అయితే ఆ సముద్రం వైపే ఓడరేవు ఉంది. ఓడల రాడార్లలో ఒక రకం 3 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది, సీ బ్యాండ్‌కి పక్కింటిది. కొన్ని దేశాల్లో 5జీ సెల్ టవర్లు ఇంకా దగ్గరగా, 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. ఇవి ఎల్‌ఎన్‌బీని చెవిటిదాన్ని చేస్తే బొమ్మ లయబద్ధంగా తెగుతూ ఉంటుంది. మందు రెండు రకాలు. డిష్‌ని డాబా మధ్యలో కాకుండా పిట్టగోడకి దగ్గరగా కిందికి దించితే, గోడ రాడార్‌ని అడ్డుకుంటుంది, 51 డిగ్రీల పైనున్న ఉపగ్రహాన్ని అడ్డుకోదు. అది చాలకపోతే ఎల్‌ఎన్‌బీకి ముందు పెట్టే ఫిల్టరు దొరుకుతుంది.

ఇంతవరకు చెప్పినది తప్పినా పోయేది బొమ్మే. ఇప్పుడు చెప్పేది తప్పితే ప్రాణాలు పోవచ్చు. 2018 మే 25న మెకూను తుఫాను రైసూత్ దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకి 170 కిలోమీటర్ల పైమాట. కాకినాడ, కోనసీమ వాళ్ళకి ఈ అంకెలు కొత్తగా చెప్పనక్కరలేదు. అంత గాలి 1.8 మీటర్ల గట్టి డిష్ ముఖాన తగిలితే పడే తోపు లెక్కవేస్తే దాదాపు 470 కిలోల బరువుకి సమానం, అర టన్ను! 90 సెంటీమీటర్ల దానికి 120 కిలోలు. వల డిష్‌కి కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. పిట్టగోడ ఇటుకకి రెండు మేకులు కొట్టి వేలాడదీసిన డిష్ ఆ గాలికి కింద వీధిలో ఎవరి మీద పడుతుందో ఎవరికీ తెలియదు. స్లాబు కాంక్రీటులో బోల్టులు దింపి బిగించాలి. అద్దె ఇల్లయితే యజమానిని అడగకుండా స్లాబుకి కన్నం పెట్టకండి, నీళ్ళు కారితే తగువు మనకే. ఇనప చట్రం వేసి, దాని మీద కాంక్రీటు దిమ్మలు పేర్చడం ఇంకొక దారి. అప్పుడు స్లాబు ఆ బరువు మోస్తుందా అని యజమానినే అడిగించాలి. తుఫాను హెచ్చరిక రాగానే డిష్ ముఖాన్ని ఆకాశంకేసి వెల్లకిలా తిప్పేసి బిగించడం, వీలైతే విప్పి లోపల పెట్టడం మంచిది. కోణాలు ముందే పెయింటుతో గీత గీసి పెట్టుకుంటే, తిరిగి పెట్టడం పావుగంట పని.

ఖరీఫ్ నెలల గురించి చాలామంది అడుగుతారు. జూన్ చివర నుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ పట్టే మంచు, తుంపర వల్ల బొమ్మ పోతుందా అని. బొమ్మని పాడుచేసేది పెద్ద చినుకుల కుంభవృష్టి, అదీ కేయూ బ్యాండ్‌లో. సన్న తుంపర సీ బ్యాండ్‌ని ఏమీ చేయదు. కాని మూడు నెలల ఉప్పు తేమ మాత్రం ఇనుముని తినేస్తుంది. తీగ కొనేటప్పుడు ఆర్‌జీ-6 రకంలో రాగి తీగ ఉన్నది తీసుకోండి. డిష్ దగ్గర తీగ చివరని రబ్బరు టేపుతో చుట్టి, ఎల్‌ఎన్‌బీకి కొంచెం కిందుగా ఒక వంపు వదలండి, నీళ్ళు ఆ వంపులో కారిపోతాయి. మా మేడ మీద చెడిపోయిన డిష్‌లు నాలుగు విప్పి చూస్తే, నాలుగింటిలోనూ గిన్నె నిక్షేపంలా ఉంది, తీగ చివర తుప్పు పట్టి ఉంది.

నెట్ ఉండగా ఈ గొడవంతా ఎందుకని మా అబ్బాయి అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. నెట్ ప్యాకేజీ బాగా ఉన్న ఇంట్లో, ఫోను నొక్కడం వచ్చినవాళ్ళకి డిష్ అక్కరలేదు, ఆ మాట ఒప్పుకుంటాను. కాని రైసూత్ అంటే కుటుంబాల కంటె ఎక్కువగా పనివాళ్ళ గదులు. ఒక హాల్లో పన్నెండు మంది ఉండే చోట, ఒక్కసారి చందా వేసుకుని డిష్ పెట్టుకుంటే ఏళ్ళ తరబడి నెలకింత అని ఎవరూ కట్టనక్కరలేదు. ఎవడి ఫోనులో వాడు దూరిపోకుండా రాత్రి అందరూ కలిసి వార్తలు చూస్తారు. ఎల్‌ఎన్‌బీ మెలిక గురించి నేను మొదట చెప్పింది అలాంటి ఒక గదిలో ఉండే శ్రీకాకుళం కుర్రవాళ్ళకే. వాళ్ళు కూడా పెద్ద డిష్ కోసం డబ్బులు పోగు చేస్తున్నారు.

అమ్మ విషయానికొస్తే, ఇక్కడి గడియారం మన కంటె గంటన్నర వెనక. ఇంటి దగ్గర ఏడున్నరకి వచ్చేది ఇక్కడ ఆరింటికే వచ్చేస్తుంది. ఆవిడ వంట వేళలన్నీ దానికి తగ్గట్టు మార్చేసుకుంది. వెళ్ళేముందు రోజు డాబా మీద బట్టలు తీస్తూ, మా గిన్నె ఒక్కటే మిగతావాటికి వీపు పెట్టి సముద్రంకేసి తిరిగి ఉందని చూసి నవ్వింది. తరువాతి ఖరీఫ్‌కి ముందు బోల్టులకి గ్రీజు పెట్టమని ఫోనులో గుర్తు చేసింది కూడా ఆవిడే.